వెరిఫికేషన్‌లో చేరిన మా హారికకు

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

చిప్ డిజైన్‌లో కాకుండా, ఆ డిజైన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే వెరిఫికేషన్‌లో వేశారని నువ్వు దిగులుపడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. దిగులు వద్దమ్మా. చిప్ టేపవుట్ అయి, అంటే డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్లి, దాన్ని సిలికాన్ మీద అచ్చువేసే మాస్కులు తయారయ్యాక, సాఫ్ట్‌వేర్‌లా ప్యాచ్ పంపి సర్దుకోవడం కుదరదు. అంతకు ముందే తప్పు పట్టుకోవాల్సింది నువ్వే.

చిప్ పరీక్షలు రాసే పద్ధతి యూవీఎమ్ రాదని టెన్షన్ పడకు, రాస్తూ ఉంటే అదే వస్తుంది. ముందు స్పెక్, అంటే బ్లాక్ ఎలా పనిచేయాలో చెప్పే పత్రం, చదువు. డిజైనర్ రాసిన కోడ్, అదే ఆర్‌టీఎల్, ఇప్పుడే తెరవకు. డిజైనర్‌ని అడిగి, ఆయన చెప్పినట్టే జవాబులు సరిచూసే చెకర్ రాశావనుకో, ఆయన పేపర్ ఆయనే దిద్దుకున్నట్టవుతుంది. ఆయన స్పెక్‌ను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే నీ చెకర్‌లోనూ అదే తప్పు ఉంటుంది, టెస్ట్ హాయిగా పాసవుతుంది. ఏది రావాలో నీ అంతట నువ్వు తేల్చుకున్నాకే కోడ్ వైపు చూడు.

కొత్తవాళ్లకి సాధారణంగా ఫిఫో ఇస్తారు, అంటే ముందు వచ్చిన డేటాని ముందే బయటకు పంపే క్యూ. చిన్న బ్లాకే కదా అని తేలిగ్గా తీసుకోకు. 16 గదుల ఫిఫోలో ఏ గది చదవాలో, ఏ గదిలో రాయాలో చూపే రీడ్, రైట్ పాయింటర్లు 4 బిట్లవే అయితే, ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా అవి రెండూ సమానంగానే కనిపిస్తాయి. అందుకే ఒక బిట్ ఎక్కువ పెడతారు: అన్ని బిట్లూ కలిస్తే ఖాళీ, కింది నాలుగూ కలిసి పైది వేరైతే ఫుల్. నాలుగు రాసి నాలుగు చదివే టెస్ట్ రోజంతా నడిపినా ఆ ఫిఫో ఒక్కసారీ నిండదు. సరే, నిండి ఉన్నప్పుడు ఒకే క్లాక్‌లో రీడ్, రైట్ రెండూ వస్తే? ఆ రైట్‌ని తీసుకోవాలా, వదిలేయాలా? స్పెక్‌లో లేకపోతే డిజైనర్ రాసిందే సరైనది అనుకోకు. ఆర్కిటెక్ట్‌ని అడిగి ఆ జవాబు స్పెక్‌లో ఎక్కేదాకా వదలకు.

అన్నీ ట్రై చేసి చూద్దామంటే కుదరదు. రెండు 32 బిట్ల సంఖ్యలు కలిపే యాడర్‌కే, సెకనుకు 100 కోట్ల జతలు వేసినా, మొత్తం అయ్యేసరికి 584 ఏళ్లు పడుతుంది. అందుకే కన్‌స్ట్రెయింట్లు, అంటే హద్దులు, పెట్టి ఇన్‌పుట్లు ర్యాండమ్‌గా వేస్తాం, డిజైన్‌లో ఎక్కడెక్కడికి వెళ్లామో కవరేజ్ అనే కొలతతో చూసుకుంటాం. 1994లో బయటపడిన ఇంటెల్ పెంటియం భాగహారం తప్పు గుర్తుపెట్టుకో. లోపలి టేబుల్‌లో ఉండాల్సిన 1066 విలువల్లో 5 లేవని ఇంటెల్ చెప్పింది. 4195835ని 3145727తో భాగిస్తే 1.33382 రావాలి, 1.33374 వచ్చింది. వర్జీనియాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ కవల ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తూ దాన్ని పట్టుకున్నాడు. ఇంటెల్‌కి పడిన భారం 47.5 కోట్ల డాలర్లు. ఆ టేబుల్ గదులు ర్యాండమ్ టెస్టులకి చాలా అరుదుగా తగులుతాయి. అలాంటి టేబుల్ ఎదురైతే ప్రతి గదికీ, టెస్ట్ దాన్ని తాకిందో లేదో చెప్పే కవర్ పాయింట్ ఒకటి రాయి, వీలుంటే ఫార్మల్‌తో, అంటే గణిత రుజువుతో, నిరూపించు. ఏఎమ్‌డీ తన కె5 ప్రాసెసర్ భాగహారాన్ని ఏసీఎల్2 అనే రుజువుల సాఫ్ట్‌వేర్‌తో అలాగే నిరూపించుకుంది.

కవరేజ్ 100 శాతం వచ్చిందని మీటింగ్‌లో చెబితే అందరూ సంతోషిస్తారు. కానీ ఆ లైన్ నడిచిందనే కవరేజ్ చెబుతుంది, వచ్చిన జవాబుని ఎవరైనా సరిచూశారా అన్నది చెప్పదు. అందుకని ఆర్‌టీఎల్ కాపీ ఒకటి తీసుకుని నువ్వే ఒక తప్పు పెట్టు. ఫిఫో ఫుల్ అని తేల్చే పోలికలో ఆ పై బిట్ తీసెయ్. రిగ్రెషన్, అంటే టెస్టులన్నీ కలిపి నడిపేది, అప్పటికీ పాసైతే జవాబులు సరిచూడాల్సిన నీ స్కోర్‌బోర్డ్ నిద్రపోతోందన్నమాట. నేనైతే ఈ పని చేయని టెస్ట్‌బెంచ్‌ని, అంటే పరీక్షల కోడ్‌ని, నమ్మను.

ఫెయిలైన టెస్ట్ సీడ్, అంటే ఆ ర్యాండమ్ వరసనే మళ్లీ పుట్టించే సంఖ్య, దాచుకో, లేకపోతే మళ్లీ ఆ తప్పుని రప్పించలేవు. బగ్ దొరికితే, సిగ్నళ్లు ఎప్పుడెలా మారాయో చూపే వేవ్‌ఫామ్, స్పెక్‌లో ఆ వాక్యం పట్టుకుని నేరుగా డిజైనర్ దగ్గరికే వెళ్లు. ముందే మేనేజర్‌ని సీసీలో పెట్టి మెయిల్ కొట్టకు, మళ్లీ బగ్ దొరికిన రోజు ఆయన సాయం కావాలి.

నీ మొదటి బ్లాక్‌కి ఏమేం పరీక్షించాలనుకుంటున్నావో, కంపెనీ వివరాలేవీ లేకుండా, నీ మాటల్లో రాసి పంపు. డేటా సగం నిండి ఉండగా రీసెట్ వస్తే ఏం జరగాలని రాశావో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న