గుర్తులు గీయడం ఎలా మొదలుపెట్టాలి: పర్లాకిమిడి ఫ్లెక్స్ షాపు నుంచి నా జవాబు

మీ ప్రశ్న చూశాను. డిగ్రీ రెండో ఏడాది, డిజైన్ అంటే ఇష్టం, బొమ్మలు గీయడం రాదు, కోర్సుకి డబ్బు కట్టే పరిస్థితి లేదు, లోగోలూ గుర్తులూ నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి అని అడిగారు. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను, అన్నిటికన్నా తేలిగ్గా వచ్చేది అదే.

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. పదకొండేళ్ళుగా డీటీపీ, ఫ్లెక్స్ పనిలో ఉన్నాను. మా ఊళ్ళో బోర్డు పెడితే దాన్ని చూసేవాళ్ళెవరో ముందు చెప్తాను. పక్కనే ఉన్న పాతపట్నం నుంచి వచ్చే ఆంధ్రావాళ్ళలో చాలామందికి ఒడియా చదవడం రాదు. మా ఊరి తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ బడి చదువు ఒడియాలో కాబట్టి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని కూడా చదవలేనివాళ్ళు బోలెడంతమంది. కొండల మీద నుంచి సంతకి దిగే సవర ముసలివాళ్ళకి రెండు లిపులూ రావు. అందుకని నేను ఏ బోర్డు చేసినా ముందు అక్షరాలన్నీ తీసేసి చూస్తాను. అప్పుడు కూడా అది మందుల షాపో ఎరువుల షాపో తెలిసిపోవాలి. డిజైన్‌లో మొదటి పాఠం ఏదంటే నేను ఇదే చెప్తాను.

ఎన్నికల గుర్తులు చూడండి. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రాని ఓటరు గుర్తు చూసి ఆ పెట్టెలో కాగితం వేసేవాడు. తర్వాత వచ్చిన గుర్తుల్లో చాలావాటిని ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిల్‌తో గీశారు, ఆయన 1992లో రిటైరయ్యారు. నలుపు తెలుపుల్లో, నాసిరకం కాగితం మీద, వేలి గోరంత సైజులో అచ్చయినా సీలింగ్ ఫ్యాను ఫ్యానులాగే కనిపించాలి. అంతకంటే కష్టమైన పరీక్ష ఏ లోగోకీ ఉండదు.

నాకు ఈ పని నేర్పింది బోర్డులు రాసే ఒక పెయింటర్. బాబాయి అనే పిలిచేవాణ్ణి. ఫ్లెక్సులు వచ్చాక ఆయనకి పని తగ్గి మా షాపులో కూర్చునేవారు. సుద్ద రాసిన దారం గోడకి బిగించి, మధ్యలో లాగి వదిలేవారు, టప్పున తెల్లగీత పడేది. ఆ గీత లేకుండా బ్రష్ ముట్టేవారు కాదు. నేను కంప్యూటర్‌లో ఏదో చేసి చూపిస్తే రూపాయి బిళ్ళ తీసి కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసి, "ఇందులో గీయరా, ఒక్క నల్ల పెన్నుతో" అనేవారు. బిందె గీశాను. దాని మీద మెరుపు గీతలు, అంచున పువ్వులు. ఆయన వేలితో ఒక్కొక్కటీ మూసి "ఇది తీసేస్తే బిందె కాకుండా పోతుందా?" అని అడుగుతూ పోయారు. చివరికి మెడ వంపు, పొట్ట గుండ్రం మిగిలాయి. మెడ కూడా మూస్తే అది కుండో బంతో తెలియలేదు, అక్కడ ఆపారు. ఏది తీసేస్తే వస్తువు గుర్తుపట్టలేమో అదే గుర్తు, మిగతాదంతా వేషం. మీకు బొమ్మలు రావన్నారు కదా, దీనికి బొమ్మలు రానక్కర్లేదు. రోజుకి ఒక వస్తువు, ఒక రూపాయి బిళ్ళ, నల్ల పెన్ను, నెల రోజులు చేసి చూడండి.

గీసినదాన్ని మనుషులకి చూపించాలి, అదీ ముందు ఏమీ చెప్పకుండా. ఒక చిన్న క్లినిక్‌కి బోర్డు చేసినప్పుడు తెల్ల నేల మీద ఎర్ర ప్లస్ పెట్టేశాను, అందరూ పెడతారు కదా అని. వారం తర్వాత ఒక కస్టమర్ చూసి ఇది చట్టరీత్యా తప్పు అన్నారు. నిజమే. ఆ ఎర్ర శిలువ 1864 నుంచి యుద్ధంలో గాయపడ్డవాళ్ళనీ వాళ్ళకి వైద్యం చేసేవాళ్ళనీ కాపాడే గుర్తు. మన దేశంలో 1960 నాటి జెనీవా కన్వెన్షన్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరంటే వాళ్ళు వాడకూడదు. డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చేసిచ్చాను. ఈసారి స్టెతస్కోప్ గీస్తే, రోడ్డు అవతల నుంచి చూసి మా అమ్మ "పాము బొమ్మ ఎందుకు పెట్టావురా?" అంది. సన్న గీత, మెలికలు తిరిగిన గొట్టం, నిజంగానే పాములా ఉంది. గీత మందం రెట్టింపు చేసి, గొట్టం మెలిక తీసేసి, ఛాతీ మీద పెట్టే బిళ్ళని బాగా పెద్దది చేశాక అమ్మే "డాక్టరు" అంది. స్క్రీన్ మీద జూమ్ చేసి చూసుకుంటూ ఉంటే ఇలాంటివి ఎప్పటికీ తెలియవు.

రంగుల గురించి ఒక్కటి చెప్తాను, ఇది నాకు బాగా గుచ్చుకున్న విషయం. పురుగుమందు డబ్బాల మీద డైమండ్ ఆకారం ఉంటుంది, దాని కింది సగంలో రంగు. ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ విషానికి ఆకుపచ్చ. తక్కువే కానీ విషమే. మా మావయ్య ఆకుపచ్చ చూసి "ఇది పచ్చదే, ఏం కాదు" అని మూతికి గుడ్డ కూడా కట్టకుండా కొట్టాడు, సాయంత్రానికి తలనొప్పి, వాంతులు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆయన తప్పేముంది? అదే ఆకుపచ్చ బిస్కెట్ ప్యాకెట్ మీద ఉంటే శాకాహారం అని అర్థం. రంగు అర్థం అది ఉన్న చోటుని బట్టి మారిపోతుంది, కాబట్టి ప్రాణం మీదకి వచ్చే విషయాన్ని ఒక్క రంగు మీద వదిలేయకూడదు. మాంసాహారం గుర్తు ఒకప్పుడు గోధుమరంగు చుక్క, ఇప్పుడు త్రికోణం చేశారు. రంగులు సరిగా కనబడనివాళ్ళకి ఆ చుక్కా ఆకుపచ్చ చుక్కా ఒకేలా ఉండేవి, ఇప్పుడు ఆకారమే తేడా చెప్తుంది.

కూర్పు, అంటే బోర్డులో దేన్ని ఎక్కడ పెట్టాలో నేర్చుకోవాలంటే, వీలైతే, మా వైపు సవర ఇళ్ళలో గోడ మీద వేసే ఇడితాల్ చూడండి. ఎర్రమట్టి పూసిన గోడ, బియ్యప్పిండి తెలుపు, వెదురుపుల్ల, అంతే సామాను. ముందు అంచు గీసుకుని, అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. రెండే రంగులు, అయినా మనిషీ ఏనుగూ చెట్టూ విడివిడిగా తెలుస్తాయి, ఎందుకంటే బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎర్రమట్టి ఖాళీగా వదిలేస్తారు. మొదట్లో మనం డబ్బులిచ్చారు కదా అని ఫ్లెక్స్ మీద అంగుళం కూడా ఖాళీ ఉంచం. ఆ ఖాళీయే చూపుని ఎటు వెళ్ళాలో అటు తీసుకెళ్తుంది.

అక్షరాల దగ్గరకొస్తే, ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే పై వరస వొత్తు కింది వరస గుడిలో గుచ్చుకుంటుంది. మా ఊరి పేరే చూడండి, "ర్లా" కింద వొత్తు ఎంత చోటు అడుగుతుందో. వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చేదానికన్నా బాగా పెంచండి. పక్కన ఒడియా ఉంటే రెండిటికీ ఒకే పాయింట్ సైజు ఇవ్వకండి, కంటికి సమానంగా కనిపించేదాకా కొలిచి సరిచేయండి. బోర్డు పనిలో పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని ఒక లెక్క ఉంది, తెలుగుకి అంతకన్నా కాస్త ఎక్కువే పెడతాను, వొత్తులు చిన్నవి కదా. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళోనే మేష్టారుగా చేస్తూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు, ఆయన పేరున్న ఫాంట్‌తో మా ఊరి బోర్డు చేసిన రోజు నాకు చాలా సంతోషంగా అనిపించింది.

ఇక సాఫ్ట్‌వేర్. ఇంక్‌స్కేప్ ఉచితం, గుర్తులకి అది చాలు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఫోటోషాప్‌తో లోగో మొదలుపెట్టకండి, పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. బయట షాపుల్లో ఎక్కువగా కోరల్‌డ్రా, తెలుగుకి అను ఫాంట్లు వాడతారు. ఆ ఫైలు ఆ ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు చెత్తగా మారిపోతాయి, కాబట్టి ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మల్లోకి మార్చి, మార్చని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

కోర్సు డబ్బు గురించి బెంగపడకండి. మీ ఊళ్ళో ఫ్లెక్స్ షాపు ఉంటే సాయంత్రం రెండు గంటలు వచ్చి కూర్చుంటానని అడగండి. పెద్ద షాపుకి వెళ్తే మీ చేత పొద్దస్తమానం పుట్టినరోజు ఫోటోలు కట్ చేయిస్తారు. ఓనరే డిజైన్ చేసి, ఓనరే ప్రింట్ తీసి, ఓనరే నిచ్చెన వేసుకుని బోర్డు కట్టే చిన్న షాపు చూసుకోండి. కట్టేటప్పుడు మీరు కూడా వెళ్ళి, రోడ్డు అవతల నిలబడి చూడండి.