పికిల్‌బాల్ ప్యాడిల్: పాయింట్లు ఎక్కడ పోతున్నాయో చూసుకుని కొనండి

ప్రశ్న: పదిహేనేళ్లు షటిల్ ఆడినవాణ్ణి, వయసు 42. మా ఊళ్లో షటిల్ కోర్టులోనే నెట్ కిందికి దించి నాలుగు నెలలుగా పికిల్‌బాల్ (చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) ఆడుతున్నాం. స్మాష్ బాగానే పడుతుంది కానీ నెట్ దగ్గర బంతి పైకి లేచిపోయి అవతలివాళ్ల చేతికి అందించినట్టవుతోంది. మా బావమరిది పొడుగుది, బాగా పవర్ ఉన్న ప్యాడిల్ (ఈ ఆట బ్యాట్) కొనుక్కోమంటున్నాడు. ఈమధ్య మోచేయి కూడా లాగుతోంది. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: పవర్ ప్యాడిల్ వద్దండి. స్మాష్ మీకు ఉండనే ఉంది, రానిదల్లా నెట్ దగ్గర మెత్తగా ఆడటం, డబ్బులు దానికే పెట్టండి.

షటిల్ కోర్టు, పికిల్‌బాల్ కోర్టు కొలత ఒకటే, 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు (1965లో అమెరికాలో ఈ ఆట పుట్టింది కూడా షటిల్ కోర్టు మీదే). తేడా అంతా నెట్‌లో ఉంది. షటిల్‌కి మధ్యలో 5 అడుగులు, ఇక్కడ 34 అంగుళాలే. పైనుంచి కిందికి మణికట్టు విసరడం పదిహేనేళ్లుగా అలవాటైన చెయ్యి, ఇక్కడ మోకాలి ఎత్తులో బంతిని తోయాల్సి వచ్చినప్పుడు కూడా విసురుతుంది. పైగా షటిల్ రాకెట్ 85 గ్రాములుంటే ప్యాడిల్ 225 గ్రాముల దాకా ఉంటుంది, ఆ విసురుకి మోచేయి లాగడంలో ఆశ్చర్యం లేదు.

అందుకని 16 మిల్లీమీటర్ల మందం ఉన్న కోర్ తీసుకోండి. ప్యాడిల్ లోపల తేనెపట్టు గళ్లలాంటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అదే కోర్. 13, 14 మిల్లీమీటర్లదైతే బంతి తగలగానే తన్నేస్తుంది, మందంగా ఉంటే ఆ దెబ్బని కొంత తనలోకి తీసుకుంటుంది. పైన పలక కార్బన్ ఫైబర్‌ది అయితే మేలు. ఫైబర్ గ్లాస్ ఎక్కువ వంగి బంతిని జోరుగా వదులుతుంది, అది మీకిప్పుడు అక్కర్లేని జోరు. ఆకారం మామూలు 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పుది చాలు. బరువు 220, 230 గ్రాముల మధ్య చూసుకోండి, మరీ తేలికదైతే మీరు ఇంకా గట్టిగా విసురుతారు.

కొనేముందు తోటి ఆటగాళ్ల దగ్గర అలాంటి ప్యాడిల్ ఒకటి అడిగి తీసుకుని కిచెన్ గీత (నెట్‌కి ఏడడుగుల దూరంలో ఉండే గీత) దగ్గర నిలబడి ఇరవై డింక్‌లు (నెట్ దాటి దగ్గర్లోనే పడేలా మెత్తగా తోసే షాట్లు) ఆడండి. నెట్ మీద జానెడు కన్నా ఎత్తు లేచినవెన్నో లెక్కపెట్టండి, తర్వాత మీ ప్యాడిల్‌తో అదే చేయండి. దుకాణంలో గాల్లో ఊపి చూస్తే ఏమీ తెలియదు.

ఇక గ్రిప్. మన డెల్టా ఉక్కపోతకి ఇదే నా పెద్ద బెంగ. మాతో ఆడే ఒక మాస్టారికి మే నెలలో రెండో గేమ్‌కే పిడి తడిసి ముద్దయ్యేది, జారిపోతుందని ఎంత బిగించి పట్టుకునేవారంటే వేళ్ల కణుపులు తెల్లబడిపోయేవి. మోచేయి నొప్పి అంటే ప్యాడిల్ మార్చారు, తగ్గలేదు. చెమట పీల్చే ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పలచని పట్టీ) చుట్టి, అది నల్లబడగానే మార్చడం మొదలుపెట్టాక పట్టు వదులైంది, నొప్పీ తగ్గింది. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకీ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడువేలు దూరాలి, దూరకపోతే పిడి సన్నమని అర్థం. ఇవన్నీ చేశాక కూడా నొప్పి ఉంటే ఆట ఆపి డాక్టరుకి చూపించండి, దాన్ని సాగదీయకండి.

ప్రశ్న: నేను టెన్నిస్ నుంచి వచ్చాను, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో కొడతాను. మా ఫ్రెండ్ ప్యాడిల్‌కి నా రెండో చెయ్యి పట్టడం లేదు.
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: నీకు మాత్రం పొడుగుదే కావాలమ్మా, పిడి ఐదున్నర అంగుళాలు ఉన్నది చూడు. పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు దాటకూడదని రూల్, కాబట్టి పొడవు పెరిగినంత వెడల్పు తగ్గుతుంది, బంతి పక్కకి తగిలితే ప్యాడిల్ చేతిలో తిరిగిపోతుంది. టెన్నిస్ ఆడినదానివి కాబట్టి అది త్వరగానే అలవాటవుతుంది. గరుకు కార్బన్ పలకయితే నీ టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిరగిరా తిరిగేలా కొట్టడం) పనికొస్తుంది, కానీ ఆ గరుకు ఆడేకొద్దీ అరిగిపోతుంది, ఆటయ్యాక తడిగుడ్డతో తుడుచుకో. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకు, వేడికి లోపలి జిగురు వదిలి పలక పొంగుతుంది.