ఫైరింజను ఎక్కనివ్వండి, పైపు కూడా పట్టుకోనివ్వండి

ప్రదర్శనల్లో పిల్లల్ని ట్రాక్టర్లూ ఫైరింజన్లూ ఎక్కనివ్వచ్చా, ప్రమాదం కాదా అని అడిగారు. ఎక్కనివ్వాలండి. తాడు కట్టి దూరం నుంచి చూపించేదానికైతే పిల్లల్ని అంతదూరం తీసుకెళ్ళడం దండగ, ఆ మాత్రం ఫోన్లోనూ కనబడుతుంది.

మాది కోనసీమ. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు చనిపోయిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం ఏటా ఆ తేదీ నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు కదా, అలా ఒక ఏడాది మా చిన్నదాన్ని తీసుకెళ్ళాను. అప్పుడది రెండో తరగతి. ఒక ఫైర్‌మన్ గారు దాని చేతికి నాజిల్ ఇచ్చి, వెనకనుంచి తనూ గట్టిగా పట్టుకున్నారు. నేలమీద చప్పగా పడున్న గుడ్డపైపు నీళ్ళు రాగానే బిగుసుకుపోయింది. "నాన్నా, ఇది నన్ను వెనక్కి తోసేస్తోంది!" అని ఒకటే కేక. నీళ్ళకి అంత బలం ఉంటుందని క్లాసులో ఎన్నిసార్లు చెప్తే ఎక్కుతుంది?

అక్కడితో ఆగలేదు. బండిలో నీళ్ళయిపోతే ఏం చేస్తారని అడిగింది. ఆ బండిలో పట్టేది 4,500 లీటర్లు, జోరుగా వదిలితే ఎంతోసేపు రావు, కాలవలో పైపు వేసి తోడుకుంటాం పాపా అన్నారాయన. "మరి కాలవలు కట్టేస్తారు కదండీ?" అంది ఇది. నిజమే, దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక మాకు కాలవలు కట్టేస్తారు, నీళ్ళు రావు, తాటాకిళ్ళూ గడ్డిమేట్లూ అంటుకునేదీ ఆ ఎండల్లోనే. ఆయన కసురుకోకుండా, ఏ చెరువు దగ్గరకి బండి వెళ్ళే దారి ఉందో ముందే చూసుకుంటామని ఓపిగ్గా చెప్పారు. తాడు అవతల నిలబడి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదా?

ఇంకోచోట వ్యవసాయ మేళాలో ట్రాక్టరు స్టాలువాళ్ళు పిల్లల్ని తరిమేసి, పెద్దవాళ్ళు ఎక్కి సెల్ఫీలు దిగుతుంటే మాత్రం కుర్చీ వేసి మరీ ఎక్కించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు ప్రమాదం ఇళ్ళ దగ్గరుంది. ప్రదర్శనలో భయపడే పెద్దమనుషులే పుంతరోడ్డు మీద పిల్లాణ్ణి మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని ట్రాక్టరు తోలేస్తారు. ఒక్క గతుకు చాలు, పిల్లాడు వెనకచక్రం కిందకే. ట్రాక్టరు వెనక తగిలించి మట్టిని గుల్లచేసే రోటావేటరుని తిప్పే షాఫ్టుకి చాలా బళ్ళలో తొడుగు కూడా ఉండదు, చీరకొంగో లుంగీయో చిక్కిందంటే మనిషిని లాగేస్తుంది. ఇంజను ఆగిపోయి, తాళం డ్రైవరు జేబులో ఉండి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, కోతమిషను కట్టరు నేలకి దించేసి ఉన్నచోట పిల్లాడు స్టీరింగు పట్టుకుంటే ఏమవుతుంది? పక్కన ఒక మనిషుంటే చాలు. ఆ షాఫ్టుని కూడా అక్కడే, ఆగున్నప్పుడే, దగ్గరుండి చూపించి ఎందుకు ముట్టుకోకూడదో చెప్పాలి.

ఈ ఏప్రిల్లో మీ ఊరి ఫైర్ స్టేషన్‌కి వెళ్ళి, పిల్లలతో పైపు పట్టిస్తారా అని ముందుగా అడగండి. 101కి మాత్రం చెయ్యకండి, అది మంటలకి.