గ్రామసభలో మన మాట పుస్తకంలోకి ఎక్కాలంటే

"మాది కావలి దగ్గర పల్లె. గ్రామసభ అని దండోరా వేస్తారు. వెళ్తే రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని పంపేస్తారు. మామూలు మనుషులు అక్కడ మాట్లాడొచ్చా? మాట్లాడితే ఏమన్నా జరుగుతుందా?" అని ఒకరు నన్ను అడిగారు.

మాట్లాడొచ్చండీ. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ ప్రత్యేకంగా పిలవాల్సిన పని లేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గత ఏడాది జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, ఈ ఏడాది చేయబోయే పనులు, కొత్తగా వేసే లేదా పెంచే పన్నులు, పథకాల లబ్ధిదారుల ఎంపిక, ఇవన్నీ సభ ముందు పెట్టాలి. కాబట్టి "లెక్క చదివి వినిపించండి" అని లేచి అడిగితే అది గొడవ పెట్టుకోవడం కాదు, సభ పెట్టిందే అందుకు. మామూలుగా జనవరి 2, ఏప్రిల్ 14, జూలై 1, అక్టోబరు 3 తేదీల్లో సభ జరగాలి. ఆ తేదీలు గుర్తుపెట్టుకుంటే దండోరా కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఇక జరుగుతుందా అంటే, మా ఊరి సంగతి చెబుతాను. మాది పొదిలి వైపు. బోరు నీళ్ళు తాగడానికి పనికిరావు, ఫ్లోరైడ్. వచ్చే కుళాయి నీళ్ళేమో కాలనీ చివరి ఇళ్ళకు ఎక్కేవి కావు. ప్రతి సభలోనూ ఆడవాళ్ళు బిందెలు చూపించి మరీ అరిచేవాళ్ళు. పెద్దలంతా "చేద్దాం, చేద్దాం" అనేవాళ్ళు. వేసవి వస్తే మళ్ళీ ట్యాంకరే దిక్కు. చివరికి మా ఊళ్ళో రిటైరైన పంతులుగారు ఒకాయన అడిగారు: "మీరు అరిచింది తీర్మానాల పుస్తకంలో రాశారా?" రాయలేదు. నా అనుభవంలో మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. ఎంత గట్టిగా మాట్లాడినా పుస్తకంలో ఎక్కకపోతే పై ఆఫీసుల్లో ఆ మాటకు విలువ లేదు.

తర్వాతి సభకు వారం ముందే అర్జీ రాసి పంచాయతీ సెక్రటరీకి ఇచ్చాం. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీ వేయించి, సంతకం, స్టాంపు తీసుకున్నాం. సభలో ఆ అర్జీ చదవమని అడిగాం. చదివారు, అందరూ ఒప్పుకున్నారు. పుస్తకంలో మాత్రం "తాగునీటి సమస్యపై చర్చ జరిగినది" అని ఒక్క ముక్క రాసి సంతకాలకు తిప్పారు. ఆ వాక్యం పట్టుకుని ఏ ఇంజనీరు ఎస్టిమేట్ వేస్తాడు? సంతకం పెట్టకుండా కూర్చున్నాం. ఏ ట్యాంకు దగ్గర నుంచి ఏ ఇంటి వరకు పైపు వేయాలి, ఏ నిధుల్లోంచి వేయాలి, అదంతా రాయమన్నాం. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం లాంటి పనులకే కేటాయించారు కాబట్టి డబ్బుల్లేవు అనడానికి వీల్లేకపోయింది. రాశాక పైకి చదివించుకుని, అప్పుడు సంతకాలు పెట్టాం. పైపు వెంటనే పడలేదు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకోవడానికే చాలా తిరగాల్సి వచ్చింది. కానీ తిరిగిన ప్రతిసారీ చేతిలో తీర్మానం నంబరు ఉంది. ఆ నంబరు చెబితే ఎవరూ "మాకు తెలియదు" అనలేకపోయారు. తర్వాతి ఎండాకాలానికి నీళ్ళు ఎక్కాయి.

తీర్మానం కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ పంచాయతీ ప్లాన్‌లో ఏ పనులున్నాయో, ఎంత ఖర్చు చూపించారో పంచాయతీల లెక్కలు చూపించే ప్రభుత్వ సైట్ ఈ-గ్రామస్వరాజ్‌లో, ఫోన్‌లోనే కనిపిస్తుంది, సభకు వెళ్ళేముందు ఒకసారి చూసుకోండి. అయినా పని కదలకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి ఆ కాపీ జత చేయండి. ఉత్త అర్జీ వేరు, తీర్మానం ఉన్న అర్జీ వేరు.

ఇంకొక్క విషయం గట్టిగా చెప్పాలి. సభకు ఆడవాళ్ళను తీసుకురండి, వెనక నిలబెట్టకుండా ముందు వరసలో కూర్చోబెట్టండి. పొద్దున పదింటికి సభ పెడితే కూలికి వెళ్ళినవాళ్ళు ఎలా వస్తారు? సాయంత్రం పెట్టమని ముందే అడగండి. డ్వాక్రా సంఘాల లీడర్లకు చెబితే కబురు గంటలో ఊరంతా తిరుగుతుంది. సారా మీద పోరాటం మొదలైంది మీ నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళతోనే కదా, 1993లో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. నీళ్ళ కష్టం మోసేది వాళ్ళు, ఆ మాట వాళ్ళ నోటి నుంచి వస్తేనే సభ వింటుంది.

వార్డు మెంబర్లు కూర్చునే పంచాయతీ మీటింగ్ వేరు, దాంట్లో మనకు మాట్లాడే హక్కు ఉండదు. అక్కడ మీ వార్డు మెంబరు చేతే అడిగించాలి. కావలి టౌన్‌లో ఉన్నవాళ్ళకూ అంతే, ఎన్నికైన మున్సిపల్ కౌన్సిల్ ఉన్నప్పుడు అజెండా తయారు కాకముందే కౌన్సిలర్‌ను పట్టుకోవాలి.

మీ ఊళ్ళో సమస్య నీళ్ళా, కాలువా, దారా? ఏదైతే అది రాయండి, అర్జీ ఎలా ఉండాలో నేను రాసి పెడతాను.