మాట వినిపిస్తుంది, అర్థం కాదు.. రిపోర్టేమో నార్మల్!

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లుల 24 ఏళ్ల సంది పని చేస్తున్న. రెండేళ్లుగా మా మనవరాలు మాట్లాడితే వినిపిస్తది గానీ ఏమన్నదో తెలుస్తలేదు. మగవాళ్ల మాట బాగానే తెలుస్తది. డప్పు మోత మునుపటి లెక్కనే వినిపిస్తది. రాత్రిపూట కీచురాళ్ల చప్పుడు మాత్రం లేనే లేదు, దాని బదులు చెవులల్ల ఎప్పుడూ కుయ్యిమని మోత. పరీక్ష చేయిస్తే రెండు చెవులకు దాదాపు ఇట్ల వచ్చింది: 250 దగ్గర 15, 500 దగ్గర 15, 1000 దగ్గర 20, 2000 దగ్గర 35, 4000 దగ్గర 65, 8000 దగ్గర 50. కింద ‘సగటు 23, నార్మల్’ అని రాసిన్రు. నార్మలైతే ఎందుకు తెలుస్తలేదు? ఇంట్లోవాళ్లు గట్టిగ ఒర్లితే ఇంకింత చికాకైతంది. మిషన్ పెట్టుకోవాల్నా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ రిపోర్టు నార్మల్ కాదు. ఆ 23 అనేది 500, 1000, 2000 దగ్గర వచ్చిన మూడు అంకెల సగటు. మీ ఇబ్బందంతా 4000 దగ్గరుంటే, ఆ అంకెను లెక్కలోకే తీసుకోలేదు. దాన్నీ కలిపి నాలుగుతో భాగించండి, దాదాపు 34 వస్తుంది. పెద్దవాళ్లలో 25 లోపు ఉంటేనే సాధారణం అనుకుంటాం. మిల్లుల్లో, మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు ఈ సగటును నమ్మి ఏళ్ల తరబడి ఊరుకుంటారు. సగటును పక్కన పెట్టి, రిపోర్టులో ఈ అంకెలను కలిపి గీసిన గీత ఎక్కడ కిందికి పడిందో చూడాలి.

ఆ అంకెలేమిటో డప్పుతోనే చెబుతాను. కొట్టేముందు డప్పును మంటకు కాపుతారు కదా. సెగకు తోలులోని చెమ్మ ఆరి బిగుసుకుంటుంది. బిగిసిన తోలు సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తుంది, మోత కంగుమని సన్నబడుతుంది. చల్లబడి వదులైతే బొద్దుగా మోగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు కంపించిందన్నదే ఫ్రీక్వెన్సీ, దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తాం. ఆ సంఖ్య పెరిగినకొద్దీ మనకు శబ్దం సన్నగా, కీచుగా తోస్తుంది. అదే డప్పును కాపకుండా గట్టిగా కొడితే మోత పెద్దదవుతుందే గానీ సన్నబడదు. ఆ పెద్దా చిన్నా కొలిచేవి డెసిబెళ్లు. మీ రిపోర్టులో 250 నుంచి 8000 వరకు ఉన్నవి హెర్ట్జ్‌లు. వాటి పక్కనున్నవి, ఒక్కో శబ్దం మీకు వినపడడానికి ఎన్ని డెసిబెళ్లు కావాల్సి వచ్చిందో చెప్పేవి. 500 హెర్ట్జ్ శబ్దాన్ని 15కే పట్టుకున్నారు, 4000 హెర్ట్జ్ శబ్దానికి 65 దాకా పెంచాల్సి వచ్చింది.

250, 500, 1000.. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవడానికీ కారణముంది. చెవి ఎక్కువ తక్కువలను రెట్లలో పోలుస్తుంది. హార్మోనియంలో ఒక ‘స’ 240 హెర్ట్జ్ అయితే పై ‘స’ 480, ఆ పైది 960. మధ్యలో పెరిగిన సంఖ్యలు వేరైనా చెవికి రెండూ ఒకే ఎత్తు మెట్లు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా కూడా అలాగే అమరి ఉంటుంది. చుట్ట విప్పితే సుమారు 35 మిల్లీమీటర్లు. మొదట్లో ఉన్న కణాలు సన్న శబ్దాలను, కొసన ఉన్నవి బొంగురు శబ్దాలను పట్టుకుంటాయి. ఏ శబ్దానికి ఏ చోటు కదులుతుందో కనిపెట్టిన శాస్త్రవేత్త బెకెషీకి 1961లో నోబెల్ ఇచ్చారు. ఆ కణాలు మనిషిలో ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. కీచురాళ్ల అరుపు ఎక్కువగా 4000, 5000 ప్రాంతంలో ఉంటుంది. సరిగ్గా ఆ చోటే మీకు దెబ్బతింది. డప్పు మోతలో ఎక్కువ భాగం బాగున్న చోటికి చేరుతుంది.

4000 దగ్గరే ఎందుకు? చెవి రంధ్రం ఒక కొస మూసి ఉన్న రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. అలాంటి గొట్టం తన పొడవుకు నాలుగింతల, అంటే 10 సెంటీమీటర్ల అలను బాగా పెంచుతుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి అది 3400 హెర్ట్జ్ అవుతుంది. మిల్లు రొదలో ఆ చుట్టుపక్కల భాగాన్ని మీ చెవి గొట్టమే పెంచి లోపలికి పంపింది. దెబ్బ దానికి కాస్త పైన, 4000 దగ్గర కనబడుతుంది. మీకు 8000 దగ్గర మళ్లీ 50కి మెరుగైంది, గమనించారా? వయసు మీద పడి తగ్గిన వినికిడిలో సాధారణంగా 8000 ఇంకా అధ్వానంగా ఉంటుంది. 4000 దగ్గర గీతలో పడిన ఈ గుంత మిల్లు చప్పుడు చేసిన పని. చెవిలో మోత కూడా చాలామందికి దెబ్బతిన్న చోటి స్థాయిలోనే వినిపిస్తుంది.

ఇక మనవరాలి మాట. చిన్నపిల్ల గొంతు సన్నన కాబట్టి వినపడట్లేదని అనుకుంటారు, అది సగమే నిజం. మగవాళ్ల గొంతు సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్లది 210, చిన్నపిల్లలది 300 దాకా కంపిస్తుంది. 300 మీకు బాగా వినపడే చోటే, అందుకే పాప మాట్లాడుతోందని తెలుస్తోంది. ‘ఆ, ఈ, ఓ’ వంటి అచ్చుల బలం కింది మెట్లలో ఉంటుంది. మాటను విడదీసే స, శ, చ, త, క వంటి హల్లుల గుర్తు మాత్రం 2000 పైన ఉంటుంది, ‘స’ అయితే 4000 దాటిపోతుంది. పిల్లల ‘స’ పెద్దల కంటే ఇంకా పైన ఉంటుంది, పైగా గొంతులో బలం తక్కువ. అందుకే ‘కాలు, పాలు, చాలు’ మూడూ మీకు ‘ఆలు’గానే చేరతాయి. గట్టిగా అరిస్తే పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే, హల్లు అలాగే మునిగి ఉంటుంది.

ఇంకోటి, కణాలు పోయిన చోట మెల్లటి శబ్దం అసలే వినపడదు, కొంచెం పెంచగానే ఒక్కసారిగా గుయ్యిమని కొడుతుంది. మీ చికాకు దానిదే. అలిగారని ఇంట్లోవాళ్లు అనుకోకుండా ఈ పేరా చదివి వినిపించండి. మీటరు దూరంలో, ముఖం కనబడేలా, కొంచెం నిదానంగా, మామూలు గొంతుతో మాట్లాడమనండి. టీవీ, ఫ్యాను రొద తగ్గించాలి. ఫోను రింగుటోను కిర్రుమనేది తీసేసి లావుగా మోగేది పెట్టుకోండి. పాపతో వీడియో కాల్‌లో మాట్లాడితే పెదవులూ తోడవుతాయి.

ముందుగా చేయాల్సింది, ఈఎన్‌టీ డాక్టరుతో చెవి చూపించుకుని గులిమి ఉంటే తీయించడం. కాచిన నూనె, ఆకు పసరు పోయకండి. తర్వాత పరీక్ష మళ్లీ చేయించండి, డ్యూటీ దిగి నేరుగా వెళ్లి మాత్రం కాదు. రొద నుంచి బయటికొచ్చాక కొన్ని గంటలు చెవి మొద్దుబారి ఉంటుంది. కనీసం 16 గంటలు చప్పుడుకు దూరంగా ఉండి, సెలవు మర్నాడు పొద్దున వెళ్లండి. మాటలు ఎంత శాతం అర్థమవుతున్నాయో చూసే స్పీచ్ పరీక్ష కూడా అడగండి. షుగర్ చూపించుకోండి. ఎప్పుడైనా స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు వాడి ఉంటే డాక్టరుకు చెప్పండి, అవి కూడా మొదట పై మెట్లనే దెబ్బతీస్తాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. అక్కడ కుదరకపోతే కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి.

మిషన్ మీకు పనికొస్తుంది. అయితే ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు దొరికే పెట్టె మిషన్ కొనకండి. అది అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతుంది. మీకు కింది మెట్లు బాగున్నాయి కాబట్టి బస్సు ఇంజను, ఫ్యాను కలిసి తల పగలగొడతాయి. మీ ఆడియోగ్రాం (వినికిడి పరీక్ష రిపోర్టు) ప్రకారం 2000 పైన మాత్రమే పెంచేలా ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) కూర్చిన డిజిటల్ మిషన్, రెండు చెవులకూ కావాలి. చెవిని పూర్తిగా మూయని, రంధ్రాలున్న మెత్తటి బుడిపె అడగండి. పూర్తిగా మూస్తే మీ గొంతు మీకే కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. మొదటి వారం గిన్నెల చప్పుడు, కాగితం గరగర విసిగిస్తాయి. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి నెలలో రోజంతటికీ పెంచండి. చెవి మోత కూడా చాలామందికి దీనితోనే మరుగున పడుతుంది. ఉచితంగా మిషన్లు ఇచ్చే కేంద్ర పథకానికి 40 శాతం వైకల్య ధ్రువపత్రం కావాలి. మీ అంకెలకు అది రాదు, దానికోసం వైకల్య నిర్ధారణ క్యాంపుల చుట్టూ తిరిగి అలసిపోకండి.

ఉన్న వినికిడిని కాపాడుకోవడం మిల్లులోనే మొదలవ్వాలి. చేయి చాపినంత దూరంలోని మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ చప్పుడు 85 డెసిబెళ్లు దాటిందనుకోండి. ఫ్యాక్టరీ నిబంధనల్లో 8 గంటలకు హద్దు 90 అని ఉన్నా, చెవి దృష్టితో చూస్తే 85 దగ్గరే ఆగాలి. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఉండదగ్గ సమయం సగమవుతుంది: 88కి నాలుగు గంటలు, 91కి రెండు. దూది ముక్క దాదాపు ఏమీ ఆపదు. తవుడు అంటిన చేతులతో ఫోమ్ ప్లగ్గులు నలిపి పెడితే చెవి చీము పట్టొచ్చు, కాబట్టి మీ పనికి తలమీదుగా పెట్టుకునే ఇయర్ మఫ్‌లు మేలు. ప్లగ్గులే దొరికితే చేతులు కడిగి, సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దోపి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి.

ఇదంతా నిదానంగా చేసుకునే పని. కానీ ఏ రోజైనా ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయినా, తల తిరుగుతూ వినికిడి పడిపోయినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. దానికి స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. మోత ఒక్క చెవిలోనే మిగిలినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి, దానికి ఎంఆర్‌ఐ అవసరం కావొచ్చు.