దేవుడు లేకుండా బాగానే ఉందన్న మా అబ్బాయికి

నాన్నా,

నీ మెసేజ్ వచ్చి వారమైంది. "పెద్దమ్మా, గుడికి, అదే మన చర్చికి, పోవడం మానేసి మూడేళ్లయింది, నాకేమీ తేడా తెలియట్లేదు, ఉద్యోగం బాగుంది, నిద్ర పడుతోంది, మరి ఈ భక్తి వల్ల మనిషికి ఒరిగేదేంటి" అని అడిగావు. మీ అమ్మకి చెప్పొద్దని కూడా రాశావు. చెప్పలేదులే. ఫోన్లో మాట్లాడితే నాకు కోపమొచ్చి ఏదో ఒకటి అనేస్తానని కూర్చుని రాస్తున్నా. ఈ వేళ్లతో ఇంత టైప్ చేయడం నాకెంత కష్టమో నీకు తెలుసు, కాబట్టి సగంలో ఆపకుండా చదువు.

తేడా తెలియట్లేదన్నావు చూడు, అది నేను నమ్ముతా. నాకూ తెలియలేదు కాబట్టి. మీ మేనమామ 1991లో లారీ కింద పడ్డప్పుడు ఒంగోల్లో మన సంఘం మొత్తం ఆ రాత్రంతా మోకాళ్ల మీద ఉంది. నేను నర్సుని, వాడి కనుపాపలు చూసినప్పుడే నాకు అర్థమైపోయింది, అయినా అందరితో పాటు నేనూ ఏడ్చి ప్రార్థన చేశా. తెల్లారేసరికి పోయాడు. భూస్థాపన అయ్యాక మద్రాసు వచ్చేసి ఏడేళ్లు గుడి గుమ్మం తొక్కలేదు. ఇది మీ అమ్మకి తెలుసు, నీకెప్పుడూ చెప్పి ఉండదు.

ఆ ఏడేళ్లు ఎలా ఉన్నాయంటే, హాయిగానే ఉన్నాయి. ఆదివారం తొమ్మిదింటిదాకా పడుకునేదాన్ని. తీరిగ్గా మటన్ వండుకునేవాళ్లం. కానుకల కవర్లో పెట్టాల్సిన డబ్బుతో ఫ్రిజ్ కొన్నాం. స్త్రీల సమాజం గొడవలు లేవు, ఎవరింటికో ఉపవాస ప్రార్థనకని ఎండలో పోవడం లేదు. నా మీద పిడుగేమీ పడలేదు. ఆ రోజుల్లో చిన్నమలై దగ్గర ఇల్లు, సాయంత్రం పూట పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మెట్లెక్కి పైన కూర్చుని మీనంబాక్కంలో దిగే విమానాలు చూసేవాళ్లం, అంతే, చర్చిలోకి తల తిప్పి కూడా చూసేదాన్ని కాదు. అది అపొస్తలుడైన తోమాని చంపిన కొండ అని ఇక్కడివాళ్ల నమ్మకం, క్రీస్తుశకం 72లో అంటారు. గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్న తోమానే. అనుమానం నీకొక్కడికే వచ్చిందనుకోకు, అనుమానపడినాయన పేరు పెట్టుకున్న కొండ ఉన్న ఊళ్లోనే ఉంటున్నావు.

మరి తేడా ఎక్కడ? చాలా చిన్న చోట్ల ఉందిరా, అందుకే కనపడదు.

నా ఉద్యోగంలో రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి వార్డులో ముప్పై మంచాల దగ్గరా టెంపరేచర్ చూసి చార్టులో ఎక్కించాలి. ఉండేది ఇద్దరం. అప్పట్లో పాదరసం థర్మామీటర్లు, పెట్టి ఆగాలి, దులపాలి, తుడవాలి. అందుకని బాగున్నట్టు కనిపించే పేషెంట్లకి కూర్చున్న చోటునుంచి లేవకుండా 98.4, 98.6 అని మార్చి మార్చి రాసేయడం వార్డులో అందరికీ తెలిసిన విద్య. నేనూ రాసేదాన్ని. నిద్రలేపడం ఎందుకు పాపం అని నాకు నేనే సమాధానం చెప్పుకునేదాన్ని. ఒకరోజు అలా 98.4 రాసినాయనకి పగటి డ్యూటీ అమ్మాయి చూస్తే 102 ఉంది. ఆయనకేమీ కాలేదు, ఎవరూ నన్ను అడగనూ లేదు. నేనూ మర్చిపోయా.

తర్వాత గుడికి మళ్లీ పోవడం మొదలుపెట్టా. దర్శనం ఏమీ కాలేదు. మీ అమ్మమ్మ మంచాన పడితే ఆవిడ కోసం రోజూ రాత్రి బైబిలు చదివి పెట్టాల్సి వచ్చింది, చదివాక ఆవిడ ఆ రోజు జరిగిందంతా దేవుడితో చెప్పుకునేది, పాలవాడితో వేసుకున్న గొడవతో సహా. అయ్యాక "నువ్వు చెప్పుకోవే" అనేది. రోగిష్టి మనిషి, కాదనలేక ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆ చెప్పుకోవడం దగ్గర ఈ 98.4లు నోటికి అడ్డం పడ్డాయి నాన్నా. మిగతావన్నీ చెప్పగలను, అది చెప్పలేను, చెప్పి మళ్లీ అదే రాయలేను. చివరికి వార్డు సిస్టర్ దగ్గరికెళ్లి ఇలా చేశానని చెప్పా. మెచ్చుకుంటుందనుకున్నా, మెమో ఇచ్చింది. ఇంక్రిమెంటు దగ్గర ఆ మెమో మళ్లీ బయటికొచ్చింది కూడా.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీకు సగమే చెప్పినట్టు. అదే వార్డులో నాతో డ్యూటీ చేసే మలయాళీ ఆవిడ దేవుడూ లేడు దయ్యమూ లేదు అనే మనిషి, వాళ్లింట్లో అంతా కమ్యూనిస్టులు. ఆవిడ ఒక్కనాడు కూడా చార్టు అలా నింపలేదు. ప్రతి మంచం దగ్గరికీ వెళ్లేది. కాబట్టి నమ్మినవాళ్లు మంచివాళ్లు, నమ్మనివాళ్లు కాదు అనే లెక్క నా దగ్గర లేదు, ఎవరైనా పుల్పిట్ (ప్రసంగం చేసే పీఠం) మీద నిలబడి ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడకి పుట్టుకతో ఉన్న నిటారుతనం నాకు లేదు. నాకు ఎవరో ఒకరు అడగాలి. నువ్వు ఆవిడలాంటివాడివో నాలాంటివాడివో నీకే తెలియాలి. మీ అమ్మ వైపు పోలికే ఎక్కువని నా అనుమానం.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు పొంగి మా సైదాపేట వీధుల్లోకి నీళ్లొచ్చినప్పుడు కింది వాటాలో ఉన్న ముసలివాళ్లని వీపు మీద మోసుకుని మా మేడ మీదికి తెచ్చింది ఎవరనుకున్నావు? ఎదురింటి నల్లచొక్కా అన్న. దేవుణ్ని కాదన్న తమిళ నాయకుడు పెరియార్ మనిషి, దేవుడు లేడని ఎవరు దొరికితే వాళ్లకి చెప్తాడు, పెళ్లి అయ్యరు లేకుండా దండలు మార్చుకుని చేసుకున్నాడు, కళ్లు దానానికి రాసిచ్చాడు, సంవత్సరానికి మూడుసార్లు రక్తం ఇస్తాడు. ఆ రాత్రి ఆయన మోస్తుంటే పైన మేం దుప్పట్లు పరిచి, గంజి కాచి, పెదనాన్న ప్రార్థన చేస్తానంటే అన్న కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆమేన్ మాత్రం అనలేదు. ఆయన్ని చూస్తే నాకు గౌరవం. ఎందుకంటే ఆయన దేవుడు లేడు అని తేల్చుకుని, ఆ తేల్చుకున్నదాని ప్రకారం కష్టపడి బతుకుతున్నాడు. నీది అది కాదు కదా నాన్నా. నువ్వేమీ తేల్చుకోలేదు. ఆదివారం నిద్ర లేవబుద్ధి కాలేదు, అలా రెండు వారాలు, రెండు నెలలు, మూడేళ్లు. దానికి ఇప్పుడు పేరు వెతుకుతున్నావు. కోపం తెచ్చుకోకు, నేనూ అదే చేశాను కాబట్టి అంటున్నా.

ఒరిగేదేంటి అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. మీ ఆఫీసు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద కదా, దానికీ ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు)కీ మధ్యన నల్లగా కంపు కొడుతూ పోతుంటుందే బకింగ్‌హామ్ కాలవ, అది మన ఒంగోలు వైపు పోయే కాలవే. 1876లో మొదలై రెండేళ్లు పట్టి పీడించిన కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు ఆ కాలవలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. మా తాత వాళ్ల నాన్న అక్కడ మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. అప్పుడు వేలమంది మాకు బాప్తిస్మం ఇవ్వండని వస్తే దొరగారు ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమో, కరువు పోనీ అని ఆగాడు. కూలి పని అయిపోయి, ఇక ఇచ్చేదేమీ లేదు అన్నాక కూడా వాళ్లు తిరిగొచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. ఊళ్లో చెప్పుల్లేకుండా పక్కకి తప్పుకుని నడవాల్సినవాళ్లు, నీళ్లలోంచి లేచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గట్టెక్కారు. వాళ్లకేమి ఒరిగిందో నాకు లెక్క తెలియదు, బడి వచ్చింది, పేరు వచ్చింది, నీ ఇంజనీరింగుకీ నా నర్సింగుకీ మొదలు అక్కడే ఉంది. వాళ్లు వచ్చింది మాత్రం ఇచ్చేది ఆగిపోయాక.

అలాగని గుడిలో అంతా బంగారమని నీకు చెప్పను. పెళ్లి సంబంధం మాట రాగానే సంఘ పెద్దలే "మీరేమిటోళ్లు" అని కులం చెవిలో అడుగుతారు, ఆ గుండ్లకమ్మ నీళ్లు ఇంకా ఆరలేదు అనిపిస్తుంది నాకు. పిల్లలు లేనావిడతో నీలో ఏదో పాపం ఉందమ్మా అన్నవాళ్లని చూశాను. విశ్వాసం ఉంది కదా అని షుగరు మాత్రలు ఆపేసి కాలి వేళ్లు పోగొట్టుకున్నాయనకి నేనే కట్టు కట్టాను, కడుతూ తిట్టాను కూడా. టీవీలో క్యూఆర్ కోడ్ చూపించి విత్తనం వెయ్యండి పంట కోయండి అనేవాళ్లకి ఒక్క రూపాయి పంపావంటే నేనూరుకోను. చావు దగ్గర కూడా అంతే, వార్డులో పాస్టర్లు భయపడి వణకడం చూశాను, ఏ నమ్మకమూ లేని లెక్కల మాస్టారు కిటికీ తెరవమని అడిగి నిమ్మళంగా పోవడం చూశాను. భక్తి ఉంటే టెన్షన్ ఉండదు అని ఎవరైనా చెప్తే నమ్మకు, నాకు బీపీ మాత్ర రోజుకి రెండు.

మరి నన్ను మళ్లీ పట్టుకున్నది ఏమిటో చెప్తా. మా తోటికోడలూ నేనూ అత్తగారి గొలుసు దగ్గర మాటా మాటా అనుకుని మూడేళ్లు మాట్లాడుకోలేదు. గుడి మానేసిన రోజుల్లో అది నాకు సుఖంగానే ఉండేది, తప్పు ఆవిడదే కాబట్టి (ఇప్పటికీ ఆవిడదే). తిరిగి పోవడం మొదలయ్యాక మొదటి ఆదివారం ప్రభు బల్ల (యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) వచ్చింది. అర్పణ తెచ్చినప్పుడు నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు అని మత్తయి ఐదో అధ్యాయంలో ఉంటుంది, చిన్నప్పుడు సండేస్కూల్లో నువ్వూ కంఠతా పట్టావు. చూశావా, నీకు ఎవరి మీద కోపముందో కాదు, ఎవరికి నీ మీద ఉందో. ఆ నెల రొట్టె తీసుకోకుండా వెనక కూర్చున్నా. తర్వాతి నెలా అంతే. మూడో నెల విసుగొచ్చి బస్సెక్కి విల్లివాక్కం వెళ్లి ఆవిడ గుమ్మంలో నిలబడ్డా. కాఫీ ఇచ్చింది, పంచదార వెయ్యలేదు. ఆవిడ నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ పెద్దగా నచ్చదు, కానీ పోయినేడాది నాకు మోకాలి ఆపరేషను అయితే పద్నాలుగు రోజులు నాకు వండి పెట్టింది ఆవిడే. నా ఇష్టానికి వదిలేస్తే నేను ఆ గుమ్మం ఎక్కేదాన్ని కాదు. నాకు తెలిసిన తేడా అదొక్కటే.

నువ్వేం చెయ్యాలంటావా, నమ్మడానికి మాత్రం ప్రయత్నించకు. పళ్లు బిగపట్టుకుంటే వచ్చేది కాదు అది. చేతులతో చెయ్యగలిగినవి చెయ్యి. జీతం పడ్డ రోజు ఖర్చులకంటే ముందే కొంత తీసి పక్కన పెట్టు, దశమ భాగం కాకపోయినా సరే, అమ్మమ్మ ప్రతి పూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేది, ఇంట్లో బియ్యం తక్కువైన రోజు కూడా. దాన్ని మీ పీజీలో గిన్నెలు తోమే అమ్మాయి పిల్లల ఫీజుకివ్వు, ఇచ్చానని ఎవరికీ చెప్పకు. రాత్రి పడుకునే ముందు ఫోను అవతల పెట్టి ఆ రోజు జరిగింది పైకి చెప్పుకో. వినేవాడున్నాడా లేడా అన్నది తర్వాత చూద్దాం, ఎక్కడ నోరు ఆగుతుందో అది చూసుకో. ఆఫీసు క్యాంటీన్లో కళ్లు మూసుకోవాలంటే సిగ్గైతే మూసుకోకు, ముద్ద పెట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగు చాలు. ఆదివారం లాప్‌టాప్ తెరవకు. మీ మేనేజరు ఊరుకోడని నాకు చెప్పకు, నువ్వు పోయిన ఆదివారం ఐపీఎల్‌కి చెప్పి మరీ వెళ్లావని మీ చెల్లి చెప్పింది. నలభై రోజులు చేసి చూడు. అప్పటికీ ఏమీ లేదనిపిస్తే ఎదురింటి అన్న దగ్గర కూర్చోబెడతా, లేడు అనుకుని బతకడం ఎలాగో ఆయన పద్ధతిగా నేర్పుతాడు. రెంటికీ మధ్యన నానుతూ ఉండటమే నాకు నచ్చట్లేదు.

ఇంకో విషయం. క్రిస్మస్ నుంచి మీ నాన్నతో మాట్లాడట్లేదట. ఆయన నలుగురిలో నిన్ను అలా అనడం తప్పే, నేను ఆయన ముఖానే చెప్పాను. అయినా ఆయన రోజూ నీ వాట్సాప్ ఫోటో మారిందేమో చూసుకుంటున్నాడు.

శనివారం సాయంత్రం రా. వంజరం చేప ధర మండిపోతోంది, శంకర చేప తెచ్చి మామిడికాయ వేసి పులుసు పెడతా. పొద్దున గుడికి రమ్మని నేను అడగను, పెదనాన్న అడుగుతాడు, ఆయనకేం చెప్పుకుంటావో నీ ఇష్టం. మీ నాన్నకి ఫోన్ చెయ్యకుండా మాత్రం రాకు.

మీ పెద్దమ్మ