గుణుపురం సొరబుర్ర: మూడు చోట్ల మూడు జిల్లాలు ఎందుకు?

మీ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న, గుణుపురం నుంచి వచ్చిన సవర గిరిజనుల సొరబుర్రకు చీటీపై విశాఖపట్నం, రిజిస్టరులో కోరాపుట్, కంప్యూటరు జాబితాలో రాయగడ అని ఉండటానికి కారణం బహుశా సరిహద్దుల మార్పే: గుణుపురం 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లా నుంచి కోరాపుట్‌కు, 1992లో రాయగడకు మారింది. మూడు నమోదులూ ఒకే వస్తువువో కాదో తేల్చుకోవడానికి ఇలా చేయండి:

1. చీటీని కదపకుండా ఫోటో తీయండి.

2. చాలామంది వదిలేసేది బుర్రపైనే రాసిన పాత సంఖ్యను వెతకడం. తడిగుడ్డ వాడితే సిరా చెరిగిపోవచ్చు కనుక, మెత్తని పొడి కుంచెతో దుమ్ము తీసి, అడుగు భాగంపై పక్కనుంచి టార్చి వెలుగు పడేలా చూసి, దొరికిన సంఖ్యను రిజిస్టరులో వెతికి, అక్కడి వర్ణననూ కొలతలనూ బుర్రతో పోల్చండి.

3. అవి కలిస్తే వస్తువు ఒక్కటే. పాత పేరు కొట్టేయకుండా, సేకరణ నాటి జిల్లాకూ ప్రస్తుత జిల్లాకూ వేర్వేరు గడులు పెట్టండి.